ఇంటికప్పుకీ ఊపిరాడాలి

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మంచి పని కాదని మన పెద్దవాళ్ళు చెప్పారు. కానీ ఈవేళ మిమ్మల్ని అచ్చంగా ఆ పనే చెయ్యమని అడగబోతున్నాను. ఆ వాసాలు పరాయివాళ్ళవి కావు లెండి. అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లల ఇంటి వాసాలు, మన అక్కచెల్లెళ్ళ ఇంటి వాసాలు. అవి లెక్కపెట్టకపోతే వాళ్ళు ముప్ఫై ఏళ్ళు అప్పు కట్టి సంపాదించుకునే ఇంటికి పైకప్పు లోలోపలే నాని, నల్లబడి, పుచ్చిపోయే ప్రమాదం వుంది.

మిషిగన్‌లోనో, మిన్నెసోటాలోనో, షికాగో చుట్టుపక్కలనో మీవాళ్ళు వుంటే ఈ మాట ఫోనులో ఎప్పుడో ఒకప్పుడు వినే వుంటారు: “అమ్మా, హాల్లో స్కైలైటు దగ్గర నీళ్ళు కారుతున్నాయి. లైట్లలోంచి కూడా చుక్కలు పడుతున్నాయి.” వెంటనే మనం అడిగేది ఏమిటి? “వర్షం పడిందా?” అని. “లేదమ్మా, వారం రోజులుగా ఒక్క చినుకు లేదు. ఎండ కాస్తోంది” అంటారు. వాన లేకుండా కప్పు కారడమేమిటని మనం ఆశ్చర్యపోతాం. ఆ ఆశ్చర్యంలోనే అసలు సంగతి దాగి వుంది. ఆ నీళ్ళు ఆకాశంలోంచి పడ్డవి కావు. ఇంట్లోంచి పైకి పోయినవి.

నేను పదో తరగతి వరకే చదువుకున్న గృహిణిని. కానీ అన్నం వార్చే మనిషికి ఆవిరి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఈ విషయమంతా ఆవిరిలోనే వుంది కనుక, మనకి అర్థం కాకపోవడమంటూ వుండదు.

ముందు ఆ కప్పు ఎలా వుంటుందో చూద్దాం. అమెరికాలో మామూలు ఇళ్ళకి గది పైన చదునుగా ఒక సీలింగు వుంటుంది. దానిపైన అటక, అటకపైన ఏటవాలు కప్పు. చలి లోపలికి రాకుండా, వేడి బయటికి పోకుండా అటక నేలమీద గాజుదూదిలాంటి ఇన్సులేషన్ పరుస్తారు. అటక మాత్రం చల్లగానే వుంటుంది. అందులోంచి గాలి ఇటునించి అటు పోతూ వుంటుంది. ఇక్కడ బాధ తక్కువ.

కానీ కొందరికి హాలు ఎత్తుగా, గుడిమండపంలా విశాలంగా కనిపించాలని కోరిక. అటువంటి ఇళ్ళల్లో చదునైన సీలింగు వుండదు. కప్పు ఎంత ఏటవాలుగా వుందో లోపలి సీలింగూ అంతే ఏటవాలుగా పైకి పోతుంది. అంటే వాసాలకి అడుగున జిప్సం బోర్డు, వాసాలకి పైన చెక్క పలకలు, ఆ పలకలమీద తారు షింగిల్సు. మధ్యలో మిగిలేది వాసం లోతంత జాగా మాత్రమే. ఎనిమిదీ తొమ్మిది అంగుళాలు వుంటే గొప్ప. ఇన్సులేషన్ వుండాల్సింది అందులోనే, గాలి ఆడాల్సిందీ అందులోనే. ఈ రెండింటికీ అటకలాంటి విశాలమైన చోటు ఇక లేదు.

ఇది చాలనట్టు, వెలుతురు కోసం కప్పులోనే అద్దాల కిటికీ బిగిస్తారు. అదే స్కైలైటు. మన పెంకుటిళ్ళల్లో వంటింటి మీద ఒక గాజు పెంకు పెట్టుకునేవాళ్ళం, గుర్తుందా? దాని పెద్దక్క అనుకోండి. దాని చుట్టూ సీలింగులో గుండ్రంగా కన్నాలు చేసి లోపలికి దించిన దీపాలు పెడతారు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో ఫాల్స్ సీలింగుకి పెడుతున్నవాటి వంటివే. పాతకాలం రకానికి పైన ఒక రేకుడబ్బా వుంటుంది కాబట్టి అక్కడివాళ్ళు వాటిని డబ్బా దీపాలనే అంటారు. మనమూ అలాగే అనుకుందాం.

ఇప్పుడు ఆవిరి దగ్గరికి వద్దాం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్ళు స్టీలు గ్లాసులో పోసి బల్లమీద పెట్టండి. రెండు నిముషాల్లో గ్లాసు బయట చెమట పడుతుంది. గ్లాసు కారిందా? లేదు. గదిగాలిలో కంటికి కనపడని ఆవిరి చల్లటి లోహానికి తగలగానే నీరైంది. వేడిగాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లగాలి మోయలేదు. మోయలేని బరువుని అది ఎక్కడ చల్లదనం తగిలితే అక్కడ దించేస్తుంది.

దీన్నే లెక్కలో చెబుతాను. ఇంట్లో వెచ్చదనం 21 డిగ్రీల సెంటిగ్రేడు, గాలిలో తేమ 40 శాతం వుందనుకోండి. ఆ గాలి సుమారు 7 డిగ్రీల చల్లదనం వున్న దేనికి తగిలినా చెమట పట్టడం మొదలవుతుంది. మరి జనవరి రాత్రి ఆ ఊళ్ళల్లో కప్పు పలక ఎంత చల్లగా వుంటుంది? సున్నాకి కింద పది, పదిహేను డిగ్రీలు. అక్కడికి చేరిన ఆవిరి నీరుగా కూడా ఆగదు, సరాసరి మంచుపొరగా గడ్డకడుతుంది. రాత్రి తరవాత రాత్రి ఆ పొర పలకల అడుగున, మేకుల మొనలమీద పెరుగుతూ పోతుంది. ఎవరికీ కనపడదు. ఎప్పుడో ఒకరోజు ఎండ కాస్తుంది. కప్పు వెచ్చబడుతుంది. వారాల తరబడి పేరుకున్న మంచంతా ఒక్కసారి కరిగి, ఏ కన్నం దొరికితే ఆ కన్నంలోంచి కిందికి దిగుతుంది. సీలింగులో వున్న కన్నాలేవి? స్కైలైటు అంచులు, డబ్బా దీపాలు. అందుకే ఎండ కాసిన రోజున ఇల్లు కారుతుంది!

ఇంతకీ ఆ ఆవిరి ఎక్కడిది? మన ఊపిరిది, స్నానాలది, వంటది, గిన్నెలు కడగడంది, లోపల ఆరేసిన బట్టలది. నలుగురున్న సంసారంలో రోజుకి పది లీటర్ల దాకా నీరు ఇలా గాలిలో కలుస్తుందని లెక్కకట్టినవాళ్ళు చెబుతారు. పది లీటర్లంటే ఒక చిన్న బకెట్టెడు. గ్యాసు మంటే స్వయంగా కొంత ఆవిరిని పుట్టిస్తుంది. మన ఇళ్ళల్లో ఇది పట్టించుకోవలసిన సంగతే కాదు. కిటికీలు తెరిచే వుంటాయి కనుక వచ్చింది వచ్చినట్టే పోతుంది. అక్కడ చలికాలం అయిదారు నెలలు కిటికీ తెరవరు. వెచ్చటి గాలి తేలిక కనుక ఇంట్లో పైకి ఎగబాకి, కప్పులో ఏ సందు దొరికినా దూరి బయటపడాలని చూస్తుంది. అలా పోయిన గాలికి బదులు కింద తలుపు సందుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పొయ్యిమీద పొగగొట్టం ఎలా లాగుతుందో, చలికాలంలో ఇల్లంతా అలాగే లాగుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పితీరాలి. ఇళ్ళ కట్టడం శాస్త్రీయంగా చూసేవాళ్ళు అక్కడ తరచుగా చెప్పే లెక్క ఇది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు జిప్సం బోర్డు ఒకటి వుందనుకోండి. చలికాలమంతా కలిపి ఆ బోర్డుని నానుకుంటూ దాటిపోయే ఆవిరి ఒక లీటరులో మూడోవంతు. అదే బోర్డుకి ఒక్క చదరపు అంగుళం కన్నం వుంటే, దానిలోంచి గాలితోపాటు పోయే నీరు 28 లీటర్ల చిల్లర! చూశారా? పెద్ద బోర్డు చేసే హాని కంటే చిన్న కన్నం చేసే హాని ఎన్నో రెట్లు. ఇప్పుడు హాల్లో పది డబ్బా దీపాలున్నాయనుకోండి. పాతరకం డబ్బా అంటే అంచు చుట్టూ సందు, ఒంటినిండా చిల్లులు. సీలింగుకి పది పొగగొట్టాలు పెట్టుకున్నట్టే.

డబ్బా దీపం చేసే హాని ఇంతటితో ఆగదు. వాసం లోతు తొమ్మిది అంగుళాలైతే డబ్బా ఎత్తు ఆరేడు అంగుళాలు వుంటుంది. ఇక దానిమీద ఇన్సులేషన్‌కి చోటేది? గాలి నడవడానికి దారేది? ఆ చోట కప్పు వేడెక్కుతుంది. అక్కడ పైనున్న మంచు కరిగి, ఏటవాలుగా జారి, చూరు దగ్గరికి వస్తుంది. చూరు గోడని దాటి బయట వుంటుంది కనుక దానికి కింద వెచ్చదనం లేదు. అక్కడ నీరు మళ్ళీ గడ్డకట్టి చెరువుగట్టులా నిలబడుతుంది. వెనక వచ్చే నీటికి దారిలేక షింగిల్సు కిందినించి పైకి ఎక్కి ఇంట్లోకి దిగుతుంది. చూరుకి వేలాడే మంచు ఈటెలు చూసి ఎంత అందంగా వున్నాయో అని ఫొటోలు పంపుతారే, అవి చాలాసార్లు ఆ ఇంటి వేడి కప్పులోంచి పారిపోతోందని చెప్పే సాక్ష్యాలు.

మరి కప్పుకి గాలి ఎలా ఆడించాలి? సూత్రం తేలికే. చూరు కింద సన్నటి జాలీలు పెడతారు, చల్లటి బయటిగాలి అందులోంచి లోపలికి వస్తుంది. కప్పు పైన కొప్పు పొడుగునా ఒక సన్నటి సందు వదిలి, వాన పడకుండా దానిమీద మూత పెడతారు. లోపలికొచ్చిన గాలి వాసాల మధ్య సందుల్లోంచి పైకి నడిచి కొప్పులోంచి బయటపడుతుంది. దారిలో కనిపించిన తేమనల్లా తుడుచుకుపోతుంది. పలక చల్లగా వుంటుంది కనుక పైన మంచూ కరగదు. ఇన్సులేషన్‌కీ పలకకీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ వుండాలని అక్కడి కట్టడం నియమం. దూది ఉబ్బి ఆ ఖాళీని మింగెయ్యకుండా తొట్టిలాంటి అట్టలు అడ్డంపెడతారు. మొత్తం గాలికన్నాల వైశాల్యం ఎంతుండాలి? సీలింగు వైశాల్యంలో 150కి ఒకవంతు. కొన్ని షరతులు పాటిస్తే 300కి ఒకవంతు చాలు. అంటే 300 చదరపు అడుగుల హాలుకి ఒక చదరపు అడుగు. అందులో సుమారు సగం చూరు దగ్గర, సగం కొప్పు దగ్గర.

మన పాత పెంకుటింటికి ఈ లెక్కలేమీ అక్కర్లేకపోయాయి. పెంకుకీ పెంకుకీ మధ్య సందులే వెయ్యి గాలికన్నాలు. పైగా మన కప్పు ఎప్పుడూ అంత చల్లబడదు. అందుచేత ఇక్కడ మనం కప్పుకి ఊపిరి గురించి ఆలోచించే అవసరమే రాలేదు. మనవాళ్ళకి అక్కడ ఈ సంగతి కొత్తగా అనిపించడంలో తప్పు లేదు.

ఆమాటకొస్తే ఒకప్పుడు అమెరికా వాళ్ళకీ కొత్తే. పూర్వం వాళ్ళ ఇళ్ళ గోడల్లోనూ కప్పుల్లోనూ ఇన్సులేషన్ వుండేది కాదు. 1930లలో అది పెట్టడం మొదలయ్యాక గోడల రంగులు పొక్కులు లేచి ఊడిపోసాగాయి. ఇన్సులేషన్ నీటిని లాక్కుంటోందని పెయింటర్లు గోలపెట్టారు. నిజానికి ఇన్సులేషన్ వచ్చాక ఇంటి వేడి బయటి చెక్కకి చేరక, అది చల్లబడి, ఆవిరి దానిమీద నీరవుతోంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ అనే ఆచార్యుడు తోటివారితో కలిసి ఆ రోజుల్లోనే ఈ తేమ విషయం మీద ప్రయోగాలు చేశారు. 1942లో అక్కడి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ నియమాల్లోకి ఆ 300కి ఒకవంతు లెక్క ఎక్కింది. అది అటకలున్న ఇళ్ళ కాలం. ఏటవాలు సీలింగులు, స్కైలైట్లు, డబ్బా దీపాలు ఇంటింటికీ వచ్చాక ఒక్క గాలికన్నాలతోనే పని జరగడంలేదని తెలిసివచ్చింది.

ఎందుకు జరగడంలేదో స్కైలైటు దగ్గర చూద్దాం. వాసాల మధ్య సందు అన్నాను కదా, దాన్ని మన ఊళ్ళో ఇళ్ళ మధ్య సందులాగానే ఊహించుకోండి. ఈ చివర చూరు, ఆ చివర కొప్పు. గాలి ఈ చివర ప్రవేశించి ఆ చివర బయటపడాలి. స్కైలైటు పెట్టాలంటే మధ్యలో వాసం కోసి, కోసిన చోట పైనొకటి కిందొకటి అడ్డదూలాలు వేస్తారు. అంటే సందు మధ్యలో ఎవరో అడ్డంగా ఇల్లు కట్టేసినట్టు! కింది ముక్కలోకి చూరునించి గాలి వస్తుంది, పోవడానికి దారిలేదు. పై ముక్కకి కొప్పు దగ్గర దారుంది, వచ్చే గాలి లేదు. రెండూ మురుగుసందులే. ఇంట్లోంచి వచ్చిన ఆవిరి అక్కడ చిక్కుకుంటుంది. సరిగ్గా అక్కడే, వెలుతురు బాగుంటుందని స్కైలైటు చుట్టూ నాలుగు డబ్బా దీపాలు పెడతారు. గాలి ఆడని చోటే ఆవిరి ఎక్కువ పోతుంది. స్కైలైటు మూలల్లో మరక పడటానికి కారణం ఇదే.

మా చెల్లెలి ఇల్లు డెట్రాయిట్ శివార్లలో వుంది. వాళ్ళ హాల్లో ఇలాగే కారితే కప్పు బాగుచేసేవాళ్ళని పిలిచారు. మొదటిసారి తారు పూశారు. రెండోసారి అంచుల రేకు మార్చారు. మూడోసారి ఏకంగా స్కైలైటే కొత్తది పెట్టారు. ఆ చలికాలం కూడా చుక్కలు పడుతూనే వున్నాయి. రోగమొకటి, మందొకటి! చివరికి ఇంటి గాలిసందులు పరీక్షచేసే మనిషి వచ్చాడు. తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి, ఏ సందులోంచి ఎంత గాలి పోతోందో కొలిచే పద్ధతి అక్కడ వుంది. డబ్బా దీపాల్లోంచే ఎక్కువ పోతోందని తేలింది. సీలింగు విప్పి చూస్తే స్కైలైటుకి పైనా కిందా వున్న సందుల్లో పలకలు నల్లబడి, దూది తడిసి వున్నాయి. పక్క సందులు పొడిగా వున్నాయి. స్కైలైటులో ఏ దోషమూ లేదు. దీపాలు మార్చి, సందులు కలిపాక మరుసటి చలికాలం ఒక్క చుక్క పడలేదు.

అందుకే నేను చెప్పదలచుకున్న ఒక్క మాట ఇది: ముందు ఇంటివైపు కన్నాలు మూయాలి, తరవాతే కప్పువైపు గాలి ఆడించాలి. ఈ క్రమం తప్పితే కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్నట్టు అవుతుంది. అదెలాగంటారా? చూరు దగ్గర గాలి వచ్చే దారి లేకుండా కొప్పు దగ్గర పెద్ద సందు కోశారనుకోండి. అక్కడ బయటికి పోయే గాలికి బదులు గాలి ఎక్కడినించి రావాలి? ఇంట్లోంచే, డబ్బా దీపాల కన్నాల్లోంచే. అంటే ఆవిరిని పిలిచి మరీ పైకి లాగినట్టు. కప్పుకి కరెంటు ఫ్యాను పెట్టించినా అదే గతి పట్టవచ్చు. డబ్బు పెట్టి వేడిచేసుకున్న గాలిని అది పైకి లాగి పారబోస్తుంది.

ఇక పని ఏ వరసలో చేయించుకోవాలో చూద్దాం.

మొట్టమొదట రోగం ఏదో తెలుసుకోవాలి. వాన పడుతున్నప్పుడో, పడిన కాసేపటికో కారితే స్కైలైటు చుట్టూ రేకు లోపం కావచ్చు. దానికి కప్పు పనివాడే కావాలి. వాన లేకుండా, గట్టి చలి తరవాత ఎండ కాసినప్పుడు కారితే అది ఇంటి ఆవిరే అని అనుమానించాలి. కప్పుమీద మంచు మందంగా వుండి, చూరున గడ్డకట్టినప్పుడు కారితే మంచుగట్టు పని. ఏ రోజు, ఏ వాతావరణంలో కారిందో క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటే చాలు, సగం వైద్యం అయినట్టే. ఇంకో చిన్న పరీక్ష మన ఇంట్లోనే వుంది. గట్టి చలిరోజున దీపాలు ఆర్పి, చల్లారాక, ఒక అగరువత్తి వెలిగించి దీపం అంచుకి కాస్త దూరంలో జాగ్రత్తగా పట్టుకోండి. పొగ సరాసరి లోపలికి పీల్చుకుపోతే అది దీపం కాదు, పొగగొట్టం.

రెండోది దీపాలు. ఏటవాలు సీలింగుకి డబ్బా దీపాలు లేకుండా వుంటేనే మేలు. బయటికి వేలాడే దీపాలో, గోడ దీపాలో పెట్టుకోవచ్చు. కావాలనుకుంటే ఇప్పుడు బిస్కెట్టు పళ్ళెంలా పలచటి ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. చుట్టూ రబ్బరు అంచుతో సీలింగుకి బిగుసుకుంటాయి. కొనేటప్పుడు రెండు గుర్తులు చూడాలి: ఇన్సులేషన్ తగిలినా ప్రమాదం లేనిదని ఒకటి, గాలి చొరబడనిదని ఒకటి. పాత డబ్బాలమీద మాత్రం ఎవరో చెప్పారని దూది కుక్కించకండి. ఇన్సులేషన్ తగలకూడని రకం డబ్బాకి చుట్టూ మూడంగుళాల ఖాళీ వుండితీరాలి. లేకపోతే వేడెక్కి నిప్పంటుకుంటుంది. తేమ బాధ తీర్చుకోబోయి నిప్పు బాధ తెచ్చుకోకూడదు.

మూడోది స్కైలైటు గూడు. సీలింగునించి అద్దం దాకా వుండే ఆ చెక్కగోడల వెనక ఇన్సులేషన్ సరిగ్గా వుందా, బోర్డు అతుకుల్లో సందులున్నాయా చూడాలి. అద్దంమీదే చెమట పడుతుంటే అది వేరు. అద్దం ఒంటిపొరదైతే రెండు పొరలది పెట్టించుకోవాలి. రాత్రిపూట తెర బిగించి మూసేస్తే వెచ్చటి గాలి అద్దానికి తగలక చెమట ఇంకా ఎక్కువవుతుందని కూడా గుర్తుంచుకోండి.

నాలుగోది గాలిదారి. స్కైలైటుకి కిందా పైనా చిక్కుకున్న సందుల్ని పక్క సందులతో కలపాలి. అంటే వాసాలకి పైఅంచుకి దగ్గరలో చిన్న చిన్న కన్నాలు వేసి, కింది ముక్కలో గాలి పక్కకి తిరిగి, స్కైలైటుని చుట్టి, పై ముక్కలోకి చేరేలా చెయ్యాలి. సందులో ఇల్లు అడ్డమొస్తే పక్కసందులోంచి తిరిగి వెళ్ళమూ? అంతే. కానీ వాసానికి ఎక్కడపడితే అక్కడ కన్నం వేస్తే బలం పోతుంది. ఎంత కన్నం, ఎక్కడ అన్నది తెలిసినవాళ్ళే నిర్ణయించాలి.

అలా కుదరని కప్పులు కూడా వుంటాయి. అప్పుడు గాలి ఆడించడం మానేసి, పలక అడుగునే నురుగులా చల్లి గట్టిపడే ఇన్సులేషన్ అంటించే పద్ధతి వుంది. అక్కడ ఖాళీయే వుండదు కనుక ఆవిరి చల్లటి పలకని చేరలేదు. చలినిబట్టి ఎంత మందం చల్లాలో నియమాలున్నాయి, అవి పాటించాలి. ఎలాగూ షింగిల్సు మార్చే ఏడాది వచ్చిందంటే మరో దారి: పాత పలకలమీద పట్టీలు కొట్టి, పైన ఇంకో పలక వేసి, రెండింటి మధ్య గాలి ఆడిస్తారు. పట్టీల మధ్య ఖాళీలు వదిలితే గాలి స్కైలైటు పక్కనించి తప్పుకుని పోతుంది. ఏది చేసినా, కన్నాలు మూయడం మాత్రం ముందు జరగాలి.

ఇవన్నీ పనివాళ్ళు చేసేవి. మనం చేసేవి కూడా వున్నాయి. కూతురి పురిటికో, మనవల్ని చూసుకోవడానికో మనలో చాలామంది అక్కడ ఆరునెలలు వుండివస్తాం. అప్పుడే కప్పు కారితే “అత్తయ్యగారు పొద్దస్తమానం ఇడ్లీలు ఉడికిస్తున్నారు” అనో, “మీ వంటల ఆవిరే” అనో మాట వస్తుంది. అవతలివాళ్ళు సరదాకే అన్నా మనసు చివుక్కుమంటుంది. ఇడ్లీ ఉడికించడం నేరం కాదండీ. మనుషులు తినాలి, స్నానం చెయ్యాలి, ఊపిరి పీల్చాలి. ఆ ఆవిరిని బయటికి పంపే దారి ఇంటికి వుండాలి.

ముందు పొయ్యిమీద ఫ్యాను గొట్టం నిజంగా బయటికి పోతోందా అని చూడండి. చాలా ఇళ్ళల్లో అది నూనె జిడ్డుని వడగట్టి, ఆవిరిని మళ్ళీ వంటింట్లోకే ఊదుతుంది. అలాగే స్నానాలగది ఫ్యాను గొట్టాన్ని కప్పులోనే వదిలేశారేమో అడగండి. అలా వదిలేస్తే ఆవిరిని చేతులారా కప్పుకి తాగించినట్టే. స్నానం అయ్యాక ఇంకో ఇరవై నిముషాలు ఆ ఫ్యాను తిరగనివ్వండి. పప్పు, బియ్యం మూతపెట్టి ఉడికించండి. తడిబట్టలు హాల్లో ఆరెయ్యకండి. గాలి పొడిగా వుందని తేమ ఊదే యంత్రం పెడతారే, కిటికీ అద్దాలు చెమట పడుతున్న రోజుల్లో దాన్ని ఆపెయ్యండి. తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి హాల్లో పెట్టుకుంటే చలికాలంలో 30, 40 శాతం మధ్య వుందో లేదో ఎవరైనా చూడవచ్చు. చలి మరీ ముదిరితే ఇంకా కిందికి దింపుకోవాలి.

ఇదంతా డబ్బు సంగతి మాత్రమే కాదు. తడిసిన బోర్డుమీద బూజు పడుతుంది. ఆ బూజుగాలి పసిపిల్లలకీ, ఉబ్బసం వున్నవాళ్ళకీ మంచిది కాదు. గదిలోకి వెళ్ళగానే ముక్కవాసన వేస్తే అగరువత్తులు వెలిగించి కప్పిపుచ్చకండి. ఆ వాసన ఎక్కడినించి వస్తోందో వెతికించండి.

మీవాళ్ళు అక్కడ ఇల్లు కొంటున్నామని, ఫొటోలు పంపామని అంటే సంతోషించి, దీవించి, ఆపైన నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ ఏటవాలు సీలింగు పైన చూరునించి కొప్పుదాకా గాలిదారి వుందా? స్కైలైటు చుట్టూ ఆ దారి ఎలా తిప్పారు? దీపాలు గాలి చొరబడని రకమేనా? వంటింటి ఫ్యాను, స్నానాలగది ఫ్యాను ఇంటి బయటికే ఊదుతున్నాయా? ఇంటిని పరీక్షచేసే మనిషిని ఎలాగూ పిలుస్తారు కనుక, ఆయన చేతికి ఈ నాలుగూ రాసిచ్చి జవాబులు కాగితం మీద తీసుకోమనండి. అప్పుడు మీరు ఎంత దూరాన కూర్చున్నా ఆ ఇంటి వాసాలు లెక్కపెట్టినట్టే. ఇలాంటి లెక్కకి ఎవరూ తప్పుపట్టరు.